మైనపు గుప్పిట

మోర్వాల్‌ను ముప్ఫై ఒక్క ఏళ్ళు ఏలిన డ్యూక్ ఎరార్ నవంబరులో వేటకు వెళ్ళి, తడిసి వచ్చి, అయిదు రోజుల జ్వరంతో పోయాడు. పోయాడన్న మాట మాత్రం కోటలో ఎవరూ పైకి అనడానికి వీల్లేదు. అది ఆ వంశపు ఆచారం. దేహాన్ని చర్చి నేలమాళిగలో పడుకోబెట్టి, ఆయన పోలికతో మైనపు బొమ్మ చేయించి, ఆయన బట్టలే తొడిగి, భోజనశాలలో ఆయన కుర్చీలోనే కూర్చోబెడతారు. ఆ బొమ్మకు పదకొండు రోజులు వడ్డన జరుగుతుంది. పన్నెండో రోజున అంత్యక్రియలు. అప్పటిదాకా పాత ప్రభువు ఉన్నట్టే లెక్క. కొత్త ప్రభువు ఎవరి కంటా పడకూడదు. ఒకేసారి ఇద్దరు ప్రభువులుంటే ఎవరికి దణ్ణం పెట్టాలో జనానికి తెలియదని కాబోలు.

ఆ రోజుల్లో కోటలో అందరికీ చేతినిండా పనే. చిన్నకొడుకు తిబోకు మాత్రం ఎప్పటిలాగే పనేమీ లేదు. పంతొమ్మిదేళ్ళుగా అతను చేస్తున్న ఉద్యోగం అదే. అన్న ఫెర్రీ ఏలడానికి పుట్టాడు. అన్నకేమైనా అయితే పనికొస్తాడని తిబో పుట్టాడు. అన్నకేమీ కాలేదు. దుక్కలా పెరిగాడు, పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు మగపిల్లల్ని కన్నాడు. పిల్లవాడు పుట్టిన ప్రతిసారీ కోట గంటలు మోగాయి, తిబో అవసరం ఇంకాస్త తగ్గింది.

తొమ్మిదో ఏట అతనికి నడినెత్తిన జుట్టు కత్తిరించి, కొండల్లో ఉన్న వెర్నే మఠానికి అధిపతివని చెప్పారు. ఇరవై ఏళ్ళు నిండగానే అక్కడికి వెళ్ళి సన్యాసం పుచ్చుకోవాలి. ఒకసారి ప్రమాణం చేశాక తిరిగి రావడమంటూ ఉండదు. వచ్చే జనవరికి అతనికి ఇరవై నిండుతాయి. మఠానికి కబురు కూడా వెళ్ళింది.

ప్రభువు పోయిన మర్నాడు పొద్దున అతని గదిలోకి ఒక ముసలామె వచ్చింది. పేరు బార్బ్. చర్చి వీధిలో కొవ్వొత్తులు పోస్తుంది. జబ్బు నయమైనవాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి మైనంతో కాళ్ళూ చేతులూ చేసిపెడుతుంది. ప్రభువు బొమ్మ పని కూడా ఆమెకే అప్పగించారు.

"ఏదీ, చినబాబూ, చేతులు చూపించండి," అంది, దణ్ణమైనా పెట్టకుండా.

"ఎందుకవ్వా?"

"నాన్నగారి మొహం అచ్చు తీశాను, లక్షణంగా వచ్చింది. చేతులే, పాపం, వాచిపోయి ముల్లంగి దుంపల్లా ఉన్నాయి. అవి పెడితే ఈయన మా ప్రభువు కాదు పొమ్మంటారు జనం. పెద్దబాబు చేతులు చూశా. అవి మీ అమ్మగారివి, దూదిలాంటి చేతులు. అందుకే ఇటొచ్చా."

"నావి పనికిరావు. నాకు నాన్నగారి పోలిక ఒక్కటీ రాలేదని అందరూ అంటారు."

"అందరూ మొహాలు చూస్తారు బాబూ. నేను నలభై ఏళ్ళ నుంచి చేతులే చూస్తున్నా."

ఆమె అతని కుడిచెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది. తిప్పి తిప్పి చూసింది. "ఇదిగో, బొటనవేలు బయటికి తిరగడం. ఈ పొట్టి చిటికెనవేలు. ఈ పలక గోళ్ళు. అచ్చు గుద్దినట్టు ఆయనవే. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదూ?"

ఎవరూ చెప్పలేదు. తిబో తన చేతుల వంక మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు. తండ్రి చేతులు ఎలా ఉంటాయో అతనికి తెలియదు. ఆయన దగ్గరగా వచ్చింది జన్మలో ఒక్కసారే, జుట్టు కత్తిరించిన రోజున నెత్తిమీద చెయ్యి వేసినప్పుడు. ఆ రోజు ఏడవకూడదని నేల వంక చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు మాత్రం కళ్ళు నిండిపోయాయి, ముసలామె ముందు దాచుకోవాలని కూడా అనిపించలేదు.

బార్బ్ అతని చేతిలో మడత పెట్టిన గుడ్డ ఉంచి, అచ్చు తీయడానికి సున్నపు ముద్ద కలిపింది. "భోజనం దగ్గర తువాలు పట్టుకున్నట్టుండాలి. ఊరికే, అలవోకగా. అంత బిగించకండి."

"బిగించలేదే."

"మరి ఇదేంటి? వదలండి బాబూ, ఎవరూ లాక్కోరు."

తిబో వదలాలని చూశాడు. చల్లటి ముద్ద చేతిమీద పడగానే వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. రెండుసార్లు అలాగే అయింది. బార్బ్ నిట్టూర్చి, "సరే, ఎలా వస్తే అలాగే. మీ నాన్నగారు మాత్రం ఏనాడు గుప్పిట విప్పారు గనక," అని పోసేసింది.

తువాలు గురించి ఒక మాట చెప్పుకోవాలి. మోర్వాల్ ప్రభువులు మధ్యాహ్న భోజనం ఒక్కరే చేస్తారు, నలుగురూ చూస్తుండగా. అర్జీ ఉన్నవాడు దాన్ని బల్లమీద పెట్టి వెనక్కి నడిచి నిలబడాలి. తిండి అయ్యాక ప్రభువు చేతులు తుడుచుకుని, మంజూరు చెయ్యదలచిన అర్జీ మీద తువాలు జారవిడుస్తాడు. నోటితో ఏమీ అనడు. తువాలు పడని కాగితాలు ఎవరివి వాళ్ళకు తిరిగిపోతాయి. ఒకసారి తిరిగొచ్చిన అర్జీని ఆ ప్రభువుకు గాని, ఆ తర్వాతి ప్రభువుకు గాని మళ్ళీ పెట్టడానికి లేదు. ఇంట్లోవాళ్ళకైనా ఇదే పద్ధతి. డ్యూక్ ఎరార్ భార్య తన పుట్టింటికి వెళ్ళిరావడానికి కూడా అలాగే అడిగింది. తువాలు పడలేదు. ఆమె మళ్ళీ అడగలేదు, ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకనూ లేదు.

తిబో దగ్గర ఒక అర్జీ ఉంది. పదహారో ఏట రాసుకున్నాడు. మఠానికి పంపవద్దు, రోజెల్‌లో ఉన్న పాత వేటబంగళాలో నన్ను ఉండనివ్వండి అని అందులో సారం. ఏడేళ్ళదాకా అతను పెరిగింది అక్కడే, మెంజెట్ అనే దాది చేతిలో. చెరువూ, గుర్రాల దొడ్డీ, చెట్టు కింద పడి కుళ్ళే బేరిపళ్ళ వాసన, ఇంతే రోజెల్. కానీ లోకంలో అతన్ని వట్టి పేరు పెట్టి పిలిచిన చోటు అదొక్కటే. కోటకు తీసుకొచ్చిన మూడో ఏట మెంజెట్ చనిపోయింది. ఆ సంగతి అతనికి ఏడాది తర్వాత, మాటల మధ్యలో, ఎవరో చెప్పారు.

ఆ అర్జీని తిరగరాస్తూ మూడేళ్ళు గడిపాడు. పెట్టలేదు. పెడితే తువాలు పడకపోవచ్చు, అంతటితో కథ ముగిసిపోతుంది. పెట్టనంత కాలం నాన్న కాదనలేదు గదా అని చెప్పుకోవచ్చు. ఇలాంటి ఊరట మీద కూడా మనిషి మూడేళ్ళు బతకగలడు.

ప్రభువుకు తువాలు అందించే గౌరవం ఆ గదిలో ఉన్న కొడుకుల్లో పెద్దవాడిది. పెద్దకొడుకు తలుపులేసుకుని కూర్చోవలసి వచ్చింది గనుక అది చిన్నవాడికి దిగింది. ఉత్సవాధికారి కొలార్ అనే డెబ్బై ఏళ్ళ మనిషి, వెండి కర్ర పట్టుకుని, తిబోకు పని నేర్పాడు.

"కుడివైపు నిలబడాలి. తువాలు బొమ్మ వేళ్ళ మధ్య పెట్టి, ఇదిగో, ఈ పట్టుదారంతో ముడేయాలి."

"దారమెందుకు?"

"జారితేనో? ఏ పందులవాడి అర్జీ మీదో పడిందనుకో, వాడికి అడవి రాసిచ్చినట్టే. మీ తాతగారి బొమ్మప్పుడు దగ్గితే పడింది. దగ్గినవాణ్ణి ఇప్పటికీ తిట్టుకుంటున్నారు." కొలార్ గొంతు తగ్గించాడు. "బాబూ, బొమ్మ ముందు నవ్వకూడదు. ప్రభువులు ఉన్నట్టే లెక్క."

మధ్యాహ్నం బాకా మోగేది. పురోహితుడు ప్రార్థన చదివేవాడు. రుచి చూసేవాడు కోడిరసం ఒక గరిట తాగి, విషం లేదని తల ఊపేవాడు. మైనపు బొమ్మకు విషం పెట్టేంత తీరిక ఎవరికుందో అతనే చెప్పాలి. తర్వాత వేటమాంసం, చేప, ఉడికించిన బేరిపళ్ళు వచ్చి, చల్లారి, పదముగ్గురు పేదలకు వెళ్ళిపోయేవి. ఎవరో ఇద్దరు ముసలివాళ్ళు అలవాటు చొప్పున అర్జీలు పెట్టేవారు, తిరిగి తీసుకుని కళ్ళు తుడుచుకుంటూ పోయేవారు.

ఇంత తతంగంలోనూ తిబో సంతోషంగా ఉన్నాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు గాని, అది నిజం. తండ్రి కుడిచేతి పక్కన, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, రోజూ గంటసేపు నిలబడ్డాడు. ఆయన బతికున్న పంతొమ్మిదేళ్ళూ కలిపినా అంతసేపు అంత దగ్గర నిలబడలేదు. గాజు కళ్ళు గుమ్మం వంకే చూస్తుండేవి. ఆ చెయ్యి మాత్రం తనది. చూపుడువేలి మీద చిన్నప్పుడు రోజెల్‌లో కొడవలితో తెగిన గాటుతో సహా బార్బ్ దింపేసింది. తిబో దారం ముడేస్తూ ఆ వేళ్ళను కావలసినదాని కన్నా కాస్త ఎక్కువసేపు తాకేవాడు. మనసులో మాట్లాడేవాడు కూడా. ఇవాళ చలి ఎక్కువైంది నాన్నగారూ. మీ ముసలి వేటకుక్క తిండి మానేసింది. ఇలాంటివే.

పదో రోజు సాయంత్రానికి అతనికి ఒక సంగతి తోచింది. ఎల్లుండి బొమ్మను దించేస్తారు. ఆ తర్వాత నాన్నను అడగడమన్నది ఇక లేదు. అన్నను అడగవచ్చు, కానీ అన్న ఔనన్నా కాదన్నా అది అన్న మాట. తిబోకు కావలసింది ఒక్క రోజెల్ కాదు. ఈ పిల్లవాణ్ణి వాడి ఇష్టానికి ఉండనివ్వండని నాన్న ఒక్కసారి అంటే చాలు. ప్రభువులు ఉన్నట్టే లెక్క అని కొలార్ పదిసార్లు చెప్పాడు. లెక్కంటే లెక్కే.

పదకొండో రోజున భోజనశాల కిటకిటలాడింది. ఆఖరి వడ్డన గనుక ఊళ్ళో పెద్దలందరూ వచ్చారు. బల్లమీద మామూలుకు మూడింతలు కొవ్వొత్తులు వెలిగించారు. పై అంతస్తు జాలీ కిటికీ వెనక ఫెర్రీ కూర్చుని చూస్తున్నాడని అందరికీ తెలుసు, తెలియనట్టే నటించారు. అర్జీల వేళ ఎవరూ కదలలేదు. అప్పుడు తిబో చొక్కాలోంచి నాలుగు మడతల కాగితం తీసి, మైనపు చేతి కింద, సరిగ్గా తువాలు పడే చోట పెట్టాడు.

గుసగుసలు లేచాయి. కొలార్ కర్రతో నేలమీద తట్టాడు. "యువరాజావారికి హక్కుంది," అన్నాడు. ఆ తర్వాత మెల్లగా, తిబోకు మాత్రమే వినబడేలా, "ఎందుకు బాబూ ఈ పని? తిరిగొస్తే మళ్ళీ అన్నగారిని కూడా అడగలేవే," అన్నాడు.

తిబో కాగితం వెనక్కి తీసుకోలేదు. తువాలు వేళ్ళ మధ్య పెట్టాడు. పట్టుదారం చుట్టినట్టే చుట్టాడు గాని ముడి వేయలేదు. నెట్టడం తన పని కాదు. జారేట్టు వదిలాడు, ఆపైన నాన్నగారి ఇష్టం.

కోడిరసం వచ్చింది. తువాలు కదలలేదు. వేటమాంసం వచ్చింది. తిబో దారం వంకే చూస్తున్నాడు. దారం చివర ఒకటి విడిపోయి బల్లమీద పడింది, తువాలు మాత్రం అలాగే ఉంది. చేప వచ్చి వెళ్ళింది. ఎవరో గట్టిగా తుమ్మారు. తలుపు దగ్గర పళ్ళెం ఒకటి జారి ఖంగుమంది. అయినా తువాలు ఆ వేళ్ళ మధ్యే ఉంది. బేరిపళ్ళు కూడా తీసేశాక, పురోహితుడు ఆఖరి ప్రార్థన మొదలుపెట్టాక, తిబోకు అర్థమైంది. కాదన్నారు. మూడేళ్ళు దాచుకున్నది ఇంతసేపట్లో అయిపోయింది.

ప్రార్థన ముగియగానే తువాలు తీసుకుని వెనక్కి నడవడం అతని విధి. చెయ్యి చాచి అంచు పట్టుకున్నాడు. రాలేదు. కొంచెం లాగాడు. రాలేదు. అందరూ చూస్తున్నారు. ఒక్కసారిగా ఎక్కడలేని కోపం వచ్చింది, ఆ మొండిచేతి మీద, ఆ గాజు కళ్ళ మీద, పంతొమ్మిదేళ్ళ మీద. గట్టిగా లాగాడు. పుటుక్కుమని చప్పుడైంది. రెండు మైనపు వేళ్ళు తువాలును పట్టుకునే విరిగి, తువాలుతో సహా అర్జీ మీద పడ్డాయి.

తిబో వీపు జనం వైపు ఉంది. ఏం జరిగిందో ఎదటి నుంచి చూసింది గాజు కళ్ళే. కొలార్ వచ్చి, వంగి చూసి, లేచాడు. అతని ముసలి మొహం తెల్లబడింది.

"యువరాజావారూ, చెప్పండి. తువాలు జారిందా? మీరు లాగారా?"

నిజం చెప్పాలనే తిబో నోరు తెరిచాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడు కాగితం మీద పడిన చూపుడువేలు కనబడింది, కొడవలి గాటుతో.

"జారింది," అన్నాడు. "నాన్నగారే జారవిడిచారు."

"ప్రభువులు మంజూరు చేశారు!" అని కొలార్ అరిచాడు. జనం శిలువ గుర్తు వేసుకున్నారు. ఒక ముసలమ్మ ఏడ్చింది. పోయిన ప్రభువుకు చిన్నకొడుకంటే ఎంత ప్రేమో అని ఆ సాయంత్రం ఊరంతా చెప్పుకున్నారు. ఆ మాట వినడానికి తిబో పంతొమ్మిదేళ్ళు ఎదురుచూశాడు. వినబడినప్పుడు చెవులు మూసుకుని పక్కమీద పడుకున్నాడు.

అంత్యక్రియలు అయిన మర్నాడు అన్న పిలిపించాడు. ఫెర్రీ తండ్రి గదిలో, తండ్రి బల్ల దగ్గర, ఆ విరిగిన వేలు పట్టుకుని కూర్చున్నాడు.

"ఒరేయ్, నాన్న వేలికి గాటు ఎప్పుడు పడిందిరా?"

తిబో కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"పైనుంచి అంతా చూశాను. నీ మోచెయ్యి కదలడం కూడా చూశాను." ఫెర్రీ వేలిని బల్లమీద పెట్టాడు. "భయపడకు. రోజెల్ నీదే. పాత ప్రభువు మాట కొట్టెయ్యడానికి నేనెవర్ని?" వేలిని ఒకసారి దొర్లించాడు. "అది కాదురా, నన్నడిగితే ఇచ్చేవాణ్ణి కదా. ఒక్క మాట అడిగితే."

ఇచ్చేవాడో లేదో దేవుడికి తెలియాలి. ఇచ్చాక అనడం సులువు. కానీ అన్నను అడగవచ్చని తనకెందుకు తోచలేదో తిబో చెప్పలేకపోయాడు. ఇద్దరూ ఒకే కోటలో, ఎవరి మెట్లు వాళ్ళకు, ఎవరి గుమ్మం వాళ్ళకు అన్నట్టు పెరిగారు.

"నువ్వు నయం," అన్నాడు ఫెర్రీ, తలుపు దగ్గరికి సాగనంపుతూ. "రేపట్నుంచి నేను ఆ బల్ల దగ్గర ఒక్కణ్ణే తినాలి. అందరూ చూస్తుంటారు. ఎలా మింగుడుపడుతుందో."

తమ్ముణ్ణి ఉండమని అడగబోయి ఆగినట్టు కనిపించింది. తిబో కూడా ఉంటానని అనబోయి ఆగాడు. అదీ వాళ్ళ ఇంటి అలవాటే.

రోజెల్‌కు బయలుదేరే ముందు అతను చర్చి వీధికి వెళ్ళాడు. బార్బ్ కొవ్వొత్తులకు వత్తులు కడుతోంది.

"అవ్వా, ఒకటి అడుగుతాను. దారం కట్టకపోతే ఆ తువాలు జారేదేనా?"

"జారడమా!" బార్బ్ నవ్వింది. "గుప్పిట బిగించి పోయించుకున్నారుగా. వేళ్ళు ఇలా లోపలికి కొక్కేల్లా వచ్చాయి. దానికి తోడు ఆ రోజు కొవ్వొత్తులు, ఆ వేడికి మైనం మెత్తబడి గుడ్డకి అంటుకుపోయి ఉంటుంది. ఫిరంగి పేల్చినా జారేది కాదు. ఎందుకూ?"

"ఊరికే."

"పోనీలెండి, మీ నాన్నగారు విడిచారుగా. చచ్చాకైనా మనసు కరిగింది మహానుభావుడికి." ఆమె లోపలికి వెళ్ళి, పాతగుడ్డలో చుట్టిన కుడిచెయ్యి తెచ్చి ఇచ్చింది. విరిగిన వేళ్ళు మళ్ళీ అతికించి ఉన్నాయి. "పెద్దబాబు వేళ్ళు కూడా పంపి, అన్నీ కరిగించెయ్యమన్నారు. బుద్ధి పుట్టలేదు. మీదే కదా, ఉంచుకోండి."

దారి పొడుగునా తిబో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాన్న కాదన్నా ఆయన మాట జవదాటి వచ్చానని బాధపడదామంటే, ఆయన కాదనలేదు. ఔనన్నారని సంతోషిద్దామంటే, అదీ లేదు. తాను అడిగింది తన గుప్పిటనే. అది తెరుచుకోలేదు, తానే విరగ్గొట్టుకున్నాడు. నాన్న ఏమనేవాడో ఇక ఎప్పటికీ తెలియదు.

రోజెల్‌లో అతను కోరుకున్నవన్నీ ఉన్నాయి. చెరువు ఉంది, ముసలి గుర్రాలు నాలుగు ఉన్నాయి. బేరిచెట్టు వసంతంలో పూసింది. మెంజెట్ గది తలుపు తీస్తే ఎవరో ఉల్లిపాయలు ఆరబోసుకున్నారు. వట్టి పేరు పెట్టి పిలిచేవాళ్ళు మాత్రం లేరు. బంగళా చూసుకునే కొలిన్ పెద్దాయన మంచివాడే గాని, ప్రభువు చచ్చి కూడా ప్రేమించిన కొడుకని తిబో ముందు కూర్చోవడానికి కూడా భయపడేవాడు. కూర్చోమంటే తలుపు దాకా వెనక్కి నడిచేవాడు.

అందుకని తిబో మధ్యాహ్న భోజనం ఒక్కడే చేసేవాడు, ఆరుగురు పట్టే బల్ల దగ్గర. ఎదురుగా గూట్లో మైనపు చెయ్యి ఉండేది. ఏప్రిల్‌లో ఒకరోజు రొట్టె, జున్ను, ఉడికిన బఠాణీలు తిని, చేతులు తుడుచుకుని, తువాలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. బల్లమీద ఒక్క కాగితం లేదు. తన గుప్పిట ఎంత బిగిసి ఉందో అప్పుడు చూసుకున్నాడు. ఒక్కో వేలూ విప్పాడు. తువాలు ఖాళీ బల్లమీద పడింది.

కొలిన్ గబగబా వచ్చి తీయబోయాడు. "జారిందా బాబుగారూ?"

"లేదు పెద్దాయనా," అన్నాడు తిబో. "జారలేదు. నేనే."